నాలుగు వలయాలు కోసుకుంటూ పోయే దారి

వడమాలపేటలో మామిడికాయలు ఎత్తిన లారీ కోయంబేడు మార్కెట్టుకు పోవాలంటే పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు దాటుకుని నూరు కిలోమీటర్లకు పైగా నడవాలి. ఈ ఒక్క దారిలోనే చెన్నై చుట్టూ గీసిన నాలుగు వలయాలు వరసగా అడ్డం వస్తాయి. తిరువళ్లూరు దగ్గర పనులు సాగుతున్న పెరిఫెరల్ రింగ్ రోడ్డు, నెమిలిచ్చేరి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు, అంబత్తూరు దగ్గర చెన్నై బైపాస్, పాడి దగ్గర జనం నూరడుగుల రోడ్డుగా పిలుచుకునే ఇన్నర్ రింగ్ రోడ్డు. లోపలికి పోయేకొద్దీ రోడ్డు వయసు పెరుగుతుంది, పొడవు తగ్గుతుంది.

ఇన్నర్ రింగ్ రోడ్డు పొడవు సుమారు పాతిక కిలోమీటర్లు. ఊరి నడిబొడ్డుకు తగలకుండా బండ్లను బయటినుంచే తిప్పి పంపడానికి వేసిన దారి అది. దాని పక్కనే 1996లో కోయంబేడు మార్కెట్టు, 2002లో బస్టాండు వచ్చాయి. 2015లో తొలి మెట్రో రైలు నడిచింది కూడా ఆ రోడ్డు మీది స్తంభాలపైనే. ఊరి వెలుపలిది కావలసిన రోడ్డు ఊరికి నడివీధి అయిపోయింది. అందుకని పెరుంగళత్తూరు నుంచి పుళల్ దాకా 32 కిలోమీటర్ల బైపాస్ వేశారు. అది 2010 నాటికి పూర్తయింది. అంబత్తూరు, మధురవాయల్ దాన్ని కూడా కలిపేసుకున్నాయి. ఆ తర్వాత వండలూరు నుంచి మింజూరు దాకా 62 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు. అందులో నెమిలిచ్చేరి వరకు సగం 2014లో తెరిచారు, మిగతా సగం 2021లో. ఇప్పుడు ఎన్నూరు రేవు నుంచి మహాబలిపురం దిక్కుగా దాదాపు 133 కిలోమీటర్ల పెరిఫెరల్ రింగ్ రోడ్డు కడుతున్నారు. ప్రతి కొత్త వలయమూ పాతది చేయలేకపోయిన పనిని మళ్లీ మొదలుపెట్టడానికే పుట్టింది.

ఇవి చెన్నైకే పట్టిన తిప్పలు కావు. అమెరికా రాజధాని వాషింగ్టన్ చుట్టూ 103 కిలోమీటర్ల క్యాపిటల్ బెల్ట్‌వే 1964లో పూర్తయింది. దూరపు బండ్లు నగరంలోకి రాకుండా తప్పించడమే అప్పటి ఉద్దేశం. నాలుగేళ్లకే, 1968లో, వర్జీనియా వైపు టైసన్స్ కార్నర్‌లో పెద్ద షాపింగ్ మాల్ వెలిసింది. పొలాల మధ్య నాలుగు దారుల కూడలిగా ఉన్న చోట క్రమంగా ఆఫీసు మేడలు లేచాయి. రోడ్డును వెడల్పు చేస్తూ పోయారు, చాలక 2012లో వర్జీనియా భాగంలో టోలు కట్టి పోయే వేరే వరసలు తెరిచారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు అది రోజూ ఆఫీసుకు పోయే దారి. వరసలు పెంచితే కొంతకాలం ఊపిరాడుతుంది, ఆ సౌకర్యం చూసి ఇళ్లు, అంగళ్లు వస్తాయి, మళ్లీ ఇరుకవుతుంది.

హైదరాబాద్ ఈ విషయంలో మెరుగైన పని చేసింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డులో మొదటి ముక్క 2008 నవంబరులో తెరిచారు, కండ్లకోయ దగ్గరి చివరి ముక్క 2018లో పూర్తయింది. ఎనిమిది వరసల ఆ రోడ్డు ఇప్పటికీ వేగంగా నడుస్తోందంటే కారణం దాని వెడల్పు ఒక్కటే కాదు. రెండు పక్కలా కంచె ఉంది. ఇంటర్‌ఛేంజి దగ్గర తప్ప ఎక్కడా ఎక్కనివ్వరు, దిగనివ్వరు. ద్విచక్ర వాహనాలకు, కాలినడకకు అనుమతి లేదు, ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకు సర్వీసు రోడ్లు వేశారు. రోడ్డుకు ఇరువైపులా కిలోమీటరు మేర కట్టడాలకు వేరే నిబంధనలు పెట్టారు. అందుకే 2023లో దాని టోలు వసూలు హక్కును ముప్పై ఏళ్లకు రూ. 7,380 కోట్లకు లీజుకివ్వగలిగారు. ముప్పై ఏళ్ల రాబడిని ఒక్కసారే తీసుకోవడం మంచిదేనా అన్నది వేరే చర్చ, కానీ అంత ధర పలికిందంటే ఆ దారి పాడుకాలేదనే లెక్క.

వడమాలపేట మీదుగా పోయేది రింగ్ రోడ్డు కాదు. పాత లెక్కలో 205, ఇప్పటి లెక్కలో 716 నంబరు జాతీయ రహదారి. రెండు వరసల దారిని టోలు పద్ధతిలో నాలుగు వరసలు చేశారు, ఎస్వీపురం దగ్గర టోల్‌గేటు పెట్టారు. కానీ తిరుపతి ఊరు రేణిగుంట దాటి ఇటు జరుగుతూ ఉంటే, దూరపు లారీలతో పాటు పక్క ఊరికి పోయే బైకులు, బడి ఆటోలు, అప్పలాయగుంట గుడికి వచ్చే కార్లు అన్నీ ఈ రోడ్డు మీదే. పెరటాసి నెల వచ్చిందంటే తమిళనాడు నుంచి తిరుమల కొండకు నడిచిపోయే భక్తుల గుంపులు పుత్తూరు దాటి, రాత్రనక పగలనక ఇదే దారి అంచున నడుస్తాయి. అంజేరమ్మ కనుమ దగ్గర పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే ఆ మనుషులకు దక్కేది తెల్లగీత అవతలి జానెడు తారు.

ఈ రోడ్డుకు ముందు కావలసింది ఇంకో రెండు వరసలు కావు. భారీ బండ్లకు వేరే దారి వస్తూనే ఉంది. చిత్తూరు నుంచి తచ్చూరు దాకా 116 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త రహదారి నగరి ప్రాంతం మీదుగా పోయి చెన్నై ఉత్తరాన రేవుల దారిలో కలుస్తుంది. మరోపక్క చెన్నై మహానగర ప్రణాళికా ప్రాంతాన్ని 2022లో 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెంచి తిరువళ్లూరు, అరక్కోణం వైపు తెచ్చారు. అటునుంచి చెన్నై, ఇటునుంచి తిరుపతి పెరుగుతుంటే మధ్య పల్లెల్లో పొలాలు ప్లాట్లవుతాయి. ప్రతి లేఅవుటూ హైవే మీదికి నేరుగా ఒక దారి తెరుచుకుంటుంది, ప్రతి దారి కోసం డివైడర్‌లో ఒక సందు అడుగుతారు. ఆ సందుల్లోనే బైకుల మీద పోయే మనుషుల ప్రాణాలు పోతాయి.

లేఅవుటుకు అనుమతి ఇచ్చేముందే సర్వీసు రోడ్డు స్థలం వదిలించే అధికారం తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడాకు, పంచాయతీలకు చట్టప్రకారం ఉండాలి, వాళ్లు దాన్ని వాడాలి. రేణిగుంట నుంచి పుత్తూరు దాకా తెగకుండా సర్వీసు రోడ్డు, దాని పక్కన నడిచేవాళ్లకు గట్టు, రాత్రికి దీపాలు, ఊరూరికీ అండర్‌పాస్ కావాలి. చెన్నై అవుటర్ రింగ్ రోడ్డును గీసినప్పుడు, ముందు ముందు రైలు వేసుకోవడానికి మధ్యలో 22 మీటర్ల జాగా విడిచిపెట్టారు. అది కాగితం మీద ఉన్నప్పుడే చేశారు కాబట్టి వీలైంది. ఇక్కడ ఇంకా చాలాచోట్ల రోడ్డు పక్కన మామిడితోటలే ఉన్నాయి, స్థలం అడగడానికి ఇంతకన్నా చవకైన రోజు రాదు.