రాజోలులో రాత్రి డ్యూటీకి ఎవరు?



అమలాపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ మీద కోనసీమ జిల్లాలో వాదనంతా ఒక్కచోటే తిరుగుతోంది: సర్కారే నడపాలా, ప్రైవేటుకివ్వాలా? 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది కొత్త కాలేజీలను పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) పద్ధతికి మళ్లించింది. ఆ పదిలో అమలాపురం ఒకటి. వాదన జరగాల్సిందే. కానీ కాలేజీ ఎవరిదైనా, అందులో చదివినవాళ్లు రాజోలు ఆసుపత్రిలోనో కొత్తపేట ఆసుపత్రిలోనో రాత్రి డ్యూటీలో ఉంటారా అన్న సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు.

కోనసీమలో పాత తరం డాక్టరంటే కింద క్లినిక్కు, మేడ మీద కాపురం. కాంపౌండరు సీసాలో ఎర్రటి మిక్చరు పోసి, డోసు తెలిసేలా గాట్లు కత్తిరించిన కాగితం అంటించి చేతికిచ్చేవాడు. అర్ధరాత్రి తలుపు కొట్టినా డాక్టరుగారు లేచి వచ్చేవారు. ఆ తరం ఇప్పుడు డెబ్బై దాటింది. వాళ్ల పిల్లల్లోనూ డాక్టర్లున్నారు, కాకపోతే హైదరాబాద్‌లోనో అమెరికాలోనో. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఒక్క డాక్టరు మీద నడిచే నర్సింగ్‌హోమ్‌కు 2002 చట్టం కింద రిజిస్ట్రేషను, ఫైర్ అనుమతి, ఆసుపత్రి చెత్త తీసుకెళ్లే ఏజెన్సీకి చెల్లింపులు, అన్నీ తడిసి మోపెడవుతాయి. పైగా దంపతులిద్దరూ డాక్టర్లయితే ఇద్దరికీ ఊళ్లోనే పని దొరకాలి.

ఆ ఖాళీలోకి ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చాడు. జ్వరానికి సెలైను ఆయనే పెడతాడు. కాన్పు కష్టమైతే మాత్రం ఆయన వల్ల కాదు. సిజేరియన్‌కు గైనకాలజిస్టు ఒక్కరుంటే చాలదు. మత్తు డాక్టరు కావాలి, పిల్లల డాక్టరు కావాలి. ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా 108 ఎక్కి అమలాపురం, అక్కడా కుదరకపోతే కాకినాడ జీజీహెచ్. వరదల రోజుల్లో లంక గ్రామాల గర్భిణులు ముందుగా పడవ ఎక్కి గట్టు చేరాలి.

కాలేజీ వస్తే డాక్టర్లు వాళ్లే వస్తారనుకోవడం భ్రమ. కిమ్స్ మెడికల్ కాలేజీ అమలాపురంలో దాదాపు ఇరవై ఏళ్లుగా ఉన్నా ఈ కొరత తీరలేదు. ఎక్కడ చదివినా ఎంబీబీఎస్ కాగానే పిల్లలు నీట్ పీజీకి కూర్చుంటారు, ర్యాంకు ఎటు తీసుకెళితే అటు పోతారు. ఫీజుల సంగతీ ఉంది. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో మొదలైన ప్రభుత్వ కాలేజీల్లోనే సగం సీట్లను సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్నారై కోటాలకు కేటాయించారు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఏడాదికి 12 లక్షలు. అంత పోసి చదివిన కుర్రాడిని పల్లెలో సర్కారు జీతానికి ఉండమంటే ఉంటాడా?

జపాన్‌లో ఈ చిక్కుకు వేరే దారి వెతికారు. అక్కడి రాష్ట్రాల్లాంటి ప్రిఫెక్చర్లన్నీ కలిసి 1972లో జిచి వైద్య విశ్వవిద్యాలయం పెట్టాయి. ప్రతి ప్రిఫెక్చరు నుంచి కొందరిని ఎంపిక చేస్తారు. చదువయ్యాక సొంత ప్రిఫెక్చరులో తొమ్మిదేళ్లు పనిచేస్తే ఫీజు మాఫీ. మన వెల్లూరు సీఎంసీలోనూ చర్చిలు పంపిన విద్యార్థులు చదువయ్యాక మిషన్ ఆసుపత్రుల్లో పనిచేయాలి. అమలాపురం కాలేజీలో కొన్ని సీట్లు ఈ షరతు మీద కోనసీమ మండలాల పిల్లలకు ఉంచితే తప్పేముంది?

హౌస్ సర్జన్లు 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్‌లో ఉండాలని నిబంధన ఇప్పటికే ఉంది. పీజీలు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలి. ఆ రోజుల్లో కొన్నయినా రాజోలు, కొత్తపేటల్లో గడవాలి, సంతకం పెట్టి వెళ్లిపోయే తంతు కాకూడదు. పక్కన నేర్పే పెద్ద డాక్టరుండాలి. రిటైరైన సర్జన్‌కు శాలువా కప్పి ఇంటికి పంపే బదులు, గౌరవ వేతనమిచ్చి ఇద్దరు కుర్ర డాక్టర్లను ఆయనకు అప్పగించవచ్చు. ఆడ డాక్టర్లు రాత్రిళ్లు ఉండగలిగే క్వార్టర్లు లేకపోతే మాత్రం ఈ మాటలన్నీ దండగ.

పీపీపీ ఒప్పందంలో భూమి, పడకలు, లీజు గడువు ఎలాగూ రాస్తారు. రాజోలు, కొత్తపేట ఆసుపత్రుల డ్యూటీ చార్టు కూడా అందులో షరతుగా పెట్టించాలి. కాలేజీని సర్కారే నడిపితే అదే షరతు జీవోలో ఉండాలి. జిల్లా ఎమ్మెల్యేలు, అమలాపురం ఎంపీ సంతకాలకు ముందే ఈ సంగతి అడిగితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, కొత్తపేట