ఎర్ర గుర్తు పడితే పడనివ్వండి



పోయిన ఏడాది ఎగ్జిబిషన్‌లో మా తొమ్మిదో తరగతి కంప్యూటర్ స్టాల్ దగ్గర జరిగిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ముగ్గురు పిల్లలు కలిసి మార్కుల ప్రోగ్రాం రాశారు. పేరు, ఆరు సబ్జెక్టుల మార్కులు కొడితే మొత్తం, సగటు, గ్రేడు చూపిస్తుంది. ముందురోజు సాయంత్రం దాకా బ్రహ్మాండంగా నడిచింది. పరీక్షకు రాని సబ్జెక్టు దగ్గర 'ఏబీ' అని కొడితే మాత్రం ఆగిపోతోంది. ముగ్గురిలో ఒకడు ఆ రాత్రి ఇంటి దగ్గర కూర్చుని దాన్ని బాగుచేశాడు. ఏబీ అని ఉంటే సున్నాగా తీసుకోమన్నాడు. పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అందరి కోడులో కలిపేశాడు.

స్టాల్‌కు మొదట వచ్చిన తల్లి సరదాగా ఒక సబ్జెక్టుకు ఏబీ కొట్టి, మిగతా అయిదింటికీ 92 కొట్టారు. సగటు 76 చిల్లర వచ్చింది. వెనకాల గోడ మీది చార్టులోనేమో 'హాజరుకాని సబ్జెక్టును సగటులో కలపం' అని స్కెచ్ పెన్నుతో అందంగా రాసి ఉంది. ఆవిడ నవ్వి ఊరుకున్నారు కానీ, ఆ పిల్లవాడి మొహం నేను చూడలేకపోయాను.

తప్పు వాడిది కాదండీ, నాది. ప్రోగ్రాం రాయడం నేర్పాను. రాసినదాన్ని నలుగురి పనిలో కలపబోయే ముందు ఏం చేయాలో నేర్పలేదు.

ఋషికొండలోనో మధురవాడలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు ఇది రోజూ ఉండే పనే. మిగతావారి కోసం రెండు మాటల్లో చెబుతాను. పదిమంది కలిసి ఒక ప్రోగ్రాం రాస్తున్నప్పుడు అందరికీ ఉమ్మడిగా ఒక అసలు ప్రతి ఉంటుంది. దాన్ని మెయిన్ బ్రాంచ్ అంటారు. ఎవరి మార్పు వాళ్లు విడిగా తమ బ్రాంచ్‌లో చేసుకుంటారు. 'నాది అయిపోయింది, కలపండి' అని పంపగానే ఒక కంప్యూటర్ ఆ మార్పును కలిపి చూసి, ముందే రాసిపెట్టిన పరీక్షలన్నీ తనంతట తానే నడుపుతుంది. ఈ లెక్క ఇస్తే ఈ జవాబు రావాలి, వచ్చిందా? ఇలాంటివి పదులు, వందలు, పెద్ద సంస్థల్లో వేలు. అన్నీ సరిపోతే పచ్చ గుర్తు. ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు. ఎర్రగా ఉన్నంతసేపూ, పంపినవాడు ఎంత సీనియర్ అయినా, అసలు ప్రతిలో కలపడానికి వీల్లేకుండా నియమం పెట్టుకుంటారు.

ఉక్కునగరం నుంచి వచ్చే మన పిల్లల నాన్నలకు దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. కన్వర్టర్ నుంచి దిగిన ఉక్కును నేరుగా కాస్టింగ్‌కు పంపరు కదా. నమూనా తీసి ల్యాబ్‌కు పంపుతారు. కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత, గంధకం, భాస్వరం ఎంత అని చూస్తారు. తేడా ఉంటే లేడిల్‌లో ఉండగానే సరిచేస్తారు. ఒక్కో హీట్ నూరు టన్నులకు పైమాటే. గడ్డకట్టాక తెలిస్తే ఏం చేస్తారు? అక్కడ ఎవరూ 'నా అనుభవం మీద చెబుతున్నాను, ల్యాబ్ అక్కర్లేదు' అనరు.

మార్కుల ప్రోగ్రాంలో తప్పు వస్తే ఏమవుతుందో మన పక్క రాష్ట్రం చూసింది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. రాసినవారు 9 లక్షలకు పైగా. తప్పినవారు 3 లక్షలకు పైగా. పరీక్ష రాసినవారికి గైర్హాజరు అని వచ్చింది. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది, మళ్లీ చూస్తే 99. ఆ సున్నా దిద్దినవారు ఓఎంఆర్ పత్రం మీద తప్పు గడి నింపడం వల్ల వచ్చింది. అంటే ఆ ఒక్కదాంట్లో మొదటి తప్పు మనిషిదే. కానీ దాన్ని ఆపే గేటు తర్వాత ఎక్కడా లేకపోయింది. 'మొదటి ఏడాది తొంభైల్లో ఉన్న విద్యార్థికి ఈసారి సున్నా వస్తే ఆగు, మనిషికి చూపించు' అనే ఒక్క పరీక్ష చాలు. మన తొమ్మిదో తరగతి పిల్లలు పది నిమిషాల్లో రాయగలరు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, తప్పినవారందరి పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు. ఆ లోపల ఎన్నో ఇళ్లలో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

పరీక్షలు పెట్టుకుంటే అంతా క్షేమమేనా అంటే అదీ కాదు. 2024 జూలై 19, శుక్రవారం ఉదయం గుర్తుందా? విమానాశ్రయాల్లో కంప్యూటర్లు నీలం తెరలై నిలిచిపోయాయి. హైదరాబాద్‌లో ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్ దానికి కారణం. మన టైము ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు పంపారు, 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి.

ఆ సంస్థలో పరీక్షలు లేకపోలేదు. మరి తప్పు ఎలా దాటిపోయింది? కొత్త ఫైలులో 21 గడుల సమాచారం ఉంటుందని ఒకచోట రాసుకున్నారు. దాన్ని చదివే ప్రోగ్రాంకు మాత్రం 20 గడులే అందుతున్నాయి. పరీక్షించినప్పుడు వాడిన ఫైళ్లలో ఆ ఇరవైఒకటో గడిలో 'ఏదైనా ఫరవాలేదు' అనే గుర్తు ఉండేది, కాబట్టి ప్రోగ్రాం అటు తొంగిచూడాల్సిన పని పడలేదు. నిజమైన విలువ పెట్టిన రోజున లేని గడిలోకి చెయ్యి పెట్టింది. ఫైళ్లను తనిఖీ చేసే ప్రోగ్రాంలో కూడా ఒక లోపం ఉంది, అది పచ్చ గుర్తు ఇచ్చేసింది. పైగా అందరికీ ఒకేసారి పంపారు. ముందు కొన్ని కంప్యూటర్లకే పంపి చూసి ఉంటే అక్కడితో ఆగేది. నేను ఈ కథను క్లాసులో రెండు పీరియడ్లు చెబుతాను. పచ్చ గుర్తు చూసి నిద్రపోకూడదని వాళ్లకు ఇంతకంటే బాగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఇప్పుడు మీతో నాకున్న చిన్న పేచీ. పేరెంట్ టీచర్ మీటింగుల్లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న 'మా బాబు ఇంకా యాప్ చేయలేదేంటండీ? పక్క స్కూల్లో మూడో తరగతి పిల్లాడు చేశాడట' అని. చేసే ఉంటాడు. చాట్‌జీపీటీని అడిగితే మా అమ్మ కూడా ఇవాళ సాయంత్రానికి ఒక యాప్ చూపించగలదు. కోడు ఎక్కడి నుంచైనా వస్తుంది ఇప్పుడు. అది సరైనదో కాదో తేల్చే ప్రశ్నలు వేయడం మాత్రం పిల్లలకు రావాలి. ఏబీ కొడితే? వంద దాటిన మార్కు కొడితే? ఖాళీ వదిలేస్తే? ఈ ప్రశ్నలు పుట్టాలంటే మనుషులు ఎలాంటి పొరపాట్లు చేస్తారో ఊహించాలి. అందులో మన పిల్లలు దిట్టలు. తమ్ముడిని కీబోర్డు ముందు కూర్చోబెడితే చాలంటుంది ఒక అమ్మాయి.

ఇంకొకటి. మన పిల్లలకు 'టెస్ట్' అంటే వారం వారం వచ్చి ర్యాంకు చెప్పి పోయేది. ఈ టెస్టు వాళ్లు తామే రాసుకునేది, తమ పనికి తామే పెట్టుకునేది. ఇందులో ఎర్ర గుర్తు పడితే ఎవరికీ ర్యాంకు పోదు. ఈ ఏడాది ఆ ముగ్గురికీ గిట్‌హబ్‌లో ఖాతాలు తెరిపించాను (13 ఏళ్లు నిండాలి, మీ అనుమతితోనే). పదకొండు పరీక్షలు రాసుకున్నారు. మొదటి వారంలో దాదాపు ప్రతి మార్పుకూ ఎర్ర గుర్తే. మొదట్లో స్క్రీన్‌కు చెయ్యి అడ్డం పెట్టేవారు. ఇప్పుడు 'సార్, రెడ్ వచ్చింది, దొరికింది' అని వాళ్లే పిలుస్తున్నారు. పోయినేడు తలదించుకున్న పిల్లవాడు ఏబీ మీద ఒక్కడే నాలుగు పరీక్షలు రాశాడు.

అయితే మన ఎగ్జిబిషన్ మార్కుల షీటు చూడండి. చార్టుకు మార్కులున్నాయి, వివరించే తీరుకు ఉన్నాయి, 'కాన్ఫిడెన్స్'కు కూడా ఉన్నాయి. పరీక్షించి తెచ్చారా అనేదానికి గడి లేదు. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ ప్రాజెక్టుకు ఇచ్చే 8 మార్కుల కోసం పిల్లలు రాత్రుళ్లు కూర్చుంటారు. అక్కడికి వెళ్లేసరికి ఈ అలవాటు ఉండాలంటే తొమ్మిదిలోనే మొదలుపెట్టాలి. షీటులో 5 మార్కుల గడి ఒకటి చేర్చమని మేనేజ్‌మెంటుకు రాసి ఇచ్చాను. మీటింగులో మీరు కూడా ఒక మాట వేస్తే పని తొందరగా అవుతుంది.

ఈసారి మా స్టాల్‌లో పిల్లలు ముందు మాట్లాడరు. కీబోర్డు మీ చేతికే ఇస్తారు. మొహమాటపడకుండా పాడుచేయడానికి ప్రయత్నించండి. పడిపోతే, మీరు ఏం కొట్టారో పక్కన పెట్టిన నోటుబుక్కులో రాయండి. అది పన్నెండో పరీక్ష అవుతుంది.