చెప్పులేసుకోండి, ఏం కాదు!

"ఏవండీ, బాత్రూంలో ట్యాపు ముట్టుకుంటే జివ్వుమంటోంది."

"గీజరు ఆపేసి పట్టుకోండి. లేదా చెప్పులేసుకోండి, ఏం కాదు."

అద్దె ఇంట్లో ఉన్నప్పుడు నాకూ మా ఓనరుగారికీ నడిచిన సంభాషణ ఇంతే. ఆయన చెడ్డవాడేం కాదు, పండక్కి అరిసెలు పంపేవాడు. ఏటా అద్దె పెంచేటప్పుడు సున్నం ఖర్చు, మోటారు రిపేరు, ఇంటి పన్ను అన్నీ వరసగా అప్పజెప్పేవాడు. ఆ ట్యాపొక్కటే ఆయన లెక్కలోకి ఎక్కేది కాదు. ఎక్కదు మరి. తెలుగునాట ఇంటి కరెంటు భద్రతకు మనం పెట్టే ఖర్చు ఒక జత రబ్బరు చెప్పులు. అదీ అద్దెకున్నవాడే కొనుక్కోవాలి.

మీ గోడకున్న సాకెట్టు ఓసారి చూడండి. మూడు కన్నాలుంటాయి. కింద రెండూ ఫేజు, న్యూట్రలు. పైన లావుగా ఉన్నది ఎర్తు. గీజర్లో కాయిలు చిల్లిపడి కరెంటు బయటికి పాకితే, అది మీ ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోయేందుకు వేసిన దారి అది. ఎన్ని ఇళ్లలోనో సాకెట్టు విప్పితే ఆ మూడో కన్నం వెనక తీగే ఉండదు. ఉన్నా మీటరు బోర్డు దాకా వెళ్లి ఆగిపోతుంది. ఎర్తు కోసం గుంత తీసి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పోయాల్సిన చోట ఇప్పుడు బండి నిలిపే టైల్సుంటాయి.

"మాకు ఎంసీబీలున్నాయిగా" అంటారు. ఎంసీబీ కాపాడేది తీగను, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి లాగితే తప్ప కదలదు. మనిషి గుండె లయ తప్పడానికి ఒక్క ఆంపియరులో పదో వంతు చాలు. మనిషి కోసం పుట్టింది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరితూగక, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి రెప్పపాటులో లైను తెంపేస్తుంది. ఎక్కడో లీకేజీ ఉంటే అది మాటిమాటికీ పడిపోతుంది. అప్పుడేం చేస్తాం? లీకేజీ వెతికించం. "ఊరికే పడిపోతోంది, డైరెక్టు చేసెయ్" అంటాం. కుక్క మొరుగుతోందని కుక్కను చంపి, దొంగను ఇంట్లో పెట్టుకోవడం ఇది.

ఖర్చు, ఖర్చు అంటారు కదా, ఆ లెక్కే వేద్దాం. మామూలు ఇంటికి ఆర్‌సీసీబీ రెండు మూడు వేలు. ఎర్తు గుంత ఓ ఐదారు వేలు. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒక పూట కూర్చుని ప్రతి సాకెట్టూ విప్పి చూస్తే వెయ్యో రెండు వేలో. అంతా కలిపి పది వేలకు అటూ ఇటూ. పాత ఇంటికి మొత్తం వైరింగు మార్చాలంటే లక్ష దాకా పోవచ్చు, కాదనను. కానీ అంతా ఒక్కరోజే మార్చమని ఎవరన్నారు? ముందు ఆర్‌సీసీబీ, తర్వాత బాత్రూము, ఆ తర్వాత బోరు మోటారు. ఏడాదికో గది చొప్పున చేయించుకోవచ్చు.

ఈ పది వేలకు చేతులు రానివాళ్లే హాలుకు లక్ష పోసి ఫాల్స్ సీలింగు వేయిస్తారు. మీటరు బోర్డు ఆగ్నేయంలోనే ఉండాలని గోడ పగలగొట్టించినవాళ్లను నేను చూశాను. అగ్నిదేవుడికి మూల చూపించారు, కరెంటుకు నేల చూపించలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి అంతా చూసి, ఏమీ మార్చక్కర్లేదు, ఐదొందలివ్వమంటే మాత్రం ఇంతెత్తున లేస్తాం: "చూసినందుకు కూడా డబ్బులా?" అందుకే అతను ఊరికే చూడడం మానేశాడు. చూపును ఉచితం చేసి స్విచ్చుల్లో, వైర్లలో లాభం వేసుకుంటున్నాడు. ఏది నిజంగా మార్చాలో, ఏది అమ్ముకోవడానికి చెబుతున్నాడో మనకు తెలియదు. ఆ మోసానికి బయానా ఇచ్చింది మనమే.

ఇక ప్రభుత్వం. మీటరు దాకా దానిది, మీటరు దాటితే దేవుడిది. నెలనెలా ఒక మనిషి గడపలోకొచ్చి రీడింగు తీసుకుపోతాడు. యూనిట్లు లెక్కపెట్టడానికి ఏడాదికి పన్నెండుసార్లు వచ్చే వ్యవస్థ, ఎర్తు ఉందో లేదో చూడటానికి జీవితంలో ఒక్కసారీ రాదు. సినిమా హాళ్లకూ ఎత్తయిన భవనాలకూ తనిఖీ అధికారి ఉంటాడు. మామూలు ఇంటికి యజమాని సంతకమే సాక్ష్యం. కేంద్ర విద్యుత్ అథారిటీ నిబంధనలు ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉండాలంటూనే చిన్న లోడు కనెక్షన్లను వదిలేశాయి. చిన్న లోడు ఎవరిది? రేకుల గదిలో హీటరు రాడ్డుతో నీళ్లు కాచుకునేవాళ్లది, ఇనుప దండెం మీద తడిబట్టలు ఆరేసేవాళ్లది. వాళ్లకు రక్షణ తప్పనిసరి కాదట!

జాతీయ నేర గణాంకాల ప్రకారం ఏటా 12 వేల మందికి పైగా కరెంటు కాటుకు బలవుతున్నారు. పొలాల్లో పోయినవాళ్లు, స్తంభాల మీద పోయినవాళ్లు, ఇళ్లలో పోయినవాళ్లు అందరూ అందులో ఉన్నారు. పేపర్లో మాత్రం అందరికీ ఒకటే మాట: ప్రమాదవశాత్తు. తెలంగాణలో గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు ఇస్తున్నారు. సంతోషం. కరెంటు ఉచితంగా ఇచ్చే సర్కారు ఆ కరెంటు మనిషిని చంపకుండా ఆపే డబ్బా మీద జనం 18 శాతం జీఎస్టీ కడుతుంటే ఢిల్లీని అడగదేం? ఏసీ మీదా అంతే పన్ను. చల్లదనమూ ప్రాణమూ ఒకే గాటన కట్టేశారు.

సర్కారు దగ్గర డబ్బులేదనకండి. ఎల్‌ఈడీ బల్బు సంగతి గుర్తు చేసుకోండి. 2014లో ప్రభుత్వ సంస్థ టోకున కొన్నప్పుడు దాని ధర 310 రూపాయలు. కోట్లలో కొనేసరికి రెండు మూడేళ్లలోనే 40 లోపుకు దిగింది. బిల్లు ఆదా చేసే బల్బుకు జరిగింది ప్రాణం ఆదా చేసే పరికరానికి ఎందుకు జరగదు? ఇంగ్లాండులో 2020 నుంచి అద్దె ఇళ్ల వైరింగును కనీసం ఐదేళ్లకోసారి ఓనరు సొంత ఖర్చుతో తనిఖీ చేయించాలని నిబంధన ఉంది. లండన్లో ఇల్లు అద్దెకిచ్చి ఆ తనిఖీ కాగితం బుద్ధిగా దాచుకునే తెలుగువాళ్లే కూకట్‌పల్లిలో, విజయవాడలో ఉన్న తమ వాటాల్లోని జనానికి చెప్పులు వేసుకోమంటున్నారు.

ఓనరుగారూ, అద్దె తీసుకునేది మీరు. ఎర్తు వేయించాల్సింది మీరు. అడ్వాన్సు అడిగేముందు మూడో కన్నం వెనక తీగ చూపించండి. అద్దెకు దిగేవాళ్లూ, గాలీ వెలుతురూ నీళ్లూ అడిగినట్టే ఎర్తూ అడగండి. అడగ్గానే "చెప్పులేసుకోండి" అన్నారా, వేసుకోండి. వేసుకుని ఆ గడప దాటి వేరే ఇల్లు చూసుకోండి. చెప్పులున్నది నడవడానికి.