పేదవాడికి పన్ను నోటీసు వస్తే పలికేదెవరు?

పన్ను కట్టేంత సంపాదనే లేనివారికి పన్ను వివాదం ఎక్కడిదని చాలామంది అనుకుంటారు. 2021 అక్టోబరులో మథురలోని ఒక రిక్షా కార్మికుడికి 3 కోట్ల రూపాయలకు పైగా కట్టాలంటూ ఆదాయ పన్ను శాఖ నోటీసు పంపింది. తన పేరిట ఎవరో జీఎస్‌టీ నంబరు తీసుకుని కోట్ల వ్యాపారం చూపారని ఆయన మొరపెట్టుకున్నాడు. ఆయన కథ పత్రికలకెక్కింది. పత్రికలకెక్కని వారి గతేమిటన్నదే అసలు ప్రశ్న.

అవినీతిని అరికట్టే పేరుతో 2020లో కేంద్రం పన్ను మదింపును, అప్పీలును ముఖాముఖి లేని విధానంలోకి మార్చింది. ఉద్దేశం మంచిదే. కానీ అధికారి ముఖం కనపడకపోవడమంటే, పేదవాడు వెళ్లి గోడు చెప్పుకొనే గుమ్మం కూడా లేకపోవడమే. నోటీసు ఈమెయిల్‌కు వస్తుంది, జవాబు పోర్టల్‌లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అధికారి తన అంచనాతో పన్ను ఖరారు చేస్తాడు. అప్పీలుకు గడువు 30 రోజులు. దాని రుసుము వెయ్యి రూపాయలు మించదు. దాన్ని రాసిపెట్టే నిపుణుడి ఫీజే భారం.

పన్ను చెల్లింపుదారుల ఫిర్యాదులు వినే ఆదాయ పన్ను అంబుడ్స్‌మన్ వ్యవస్థను 2019లో రద్దు చేశారు. 2006 నాటి పథకం కింద తయారైన రిటర్నుల సహాయకులు ఫారాలు నింపగలరే తప్ప వాదించలేరు. మిగిలింది న్యాయ సహాయం. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ట్రిబ్యునళ్లను, అర్ధ న్యాయాధికార సంస్థలను కూడా తన పరిధిలో చేర్చింది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంది. చట్టంలో తలుపు తెరిచే ఉంది. లోపల పన్ను తెలిసిన మనిషే కరువు.

అమెరికా 1998లోనే అల్పాదాయ పన్ను చెల్లింపుదారుల క్లినిక్‌లకు ప్రభుత్వ నిధులిచ్చే చట్టం చేసింది. న్యాయ కళాశాలలు, స్వచ్ఛంద సంస్థలు వాటిని నడుపుతాయి. పన్ను శాఖతో తలపడేవారికి ఆ శాఖ ద్వారానే గ్రాంటు అందడం అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు.

మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్లకు, పన్ను న్యాయవాదులకు, విశ్రాంత అధికారులకు కొరత లేదు. న్యాయ కళాశాలల్లో న్యాయ సహాయ కేంద్రం ఉండాలన్న నిబంధనా ఉంది. నెలకు ఒక పూట ఇవ్వగలిగిన వారితో ప్రతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థా పన్ను ప్యానెల్ ఏర్పరచాలి. అయితే స్వచ్ఛంద సేవ ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కారాదు. ఖర్చు ప్రభుత్వమే భరించాలి. రాజ్యాంగం 39ఎ అధికరణలో ఉచిత న్యాయ సహాయాన్ని ప్రభుత్వ బాధ్యతగానే పేర్కొంది. పన్ను అడిగే అధికారం ఉన్న ప్రభుత్వానికి, పేదవాడి జవాబు వినిపించేలా చూసే బాధ్యతా ఉంది.