పాత కంప్యూటర్‌ను పారేసే ముందు

ఈ ఏడాది వేసవి సెలవులకు ముందు మా పాఠశాలలో ఒక చిన్న తగవు వచ్చింది. సైన్సు గదిలో మూలపడి ఉన్న పాత కంప్యూటర్‌ను విరిగిన బెంచీలతోపాటు తుక్కు కింద అమ్మివేయాలని జాబితా తయారైంది. నేను వద్దన్నాను. "అందులోని ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే సరిపోదా మాస్టారూ?" అని తోటి ఉపాధ్యాయులు అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

మా విద్యార్థులు 2006 నుంచి 2013 వరకు ఊళ్లోని 12 బావుల్లో నీరు ఎంత లోతున ఉందో నెలనెలా కొలిచారు. తాడుకు బరువు కట్టి, అది నీటిని తాకేదాకా దించి, తాడు పొడవు చూసేవారు. ఆ లెక్కలన్నీ ఈ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. బావుల్లో కొన్ని పూడిపోయాయి. ప్రయోగశాలలో లోలకం డోలనకాలం తప్పుగా వస్తే రేపు మళ్లీ కొలుచుకోవచ్చు. 2009 మే నెలలో ఒక బావిలో నీరెంత లోతున ఉందో ఇప్పుడు ఎంత గొప్ప శాస్త్రవేత్త వచ్చినా కొలవలేడు.

సరే, ముందు ఫైళ్లనే కాపీ చేసి చూశాం. ఆ కొలతలను నమోదు చేసింది మా పూర్వ విద్యార్థి ఒకరు రాసిపెట్టిన చిన్న డాస్ ప్రోగ్రాం. అది 16 బిట్ల ప్రోగ్రాం. నేటి 64 బిట్ల విండోస్ అలాంటివాటిని నడపదు. ఫైలు చేతికి వచ్చింది గాని, దాన్ని తెరిచే దిక్కు లేకపోయింది. పిల్లలు తెలుగులో రాసుకున్న వివరాల సంగతీ అంతే. ఈనాటి యూనికోడ్ పద్ధతిలో 'అ' అక్షరానికి 3077 అనే సంఖ్య ప్రపంచమంతటా ఒకటే. ఆనాటి తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఎవరి సంకేతాలు వారివే. అందుకే ఆ రాతలు కొత్త కంప్యూటర్‌లో అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపించాయి.

ఇలాంటి చిక్కు మనకే వచ్చిందనుకోకండి. ఇంగ్లండు రాజు మొదటి విలియం తన రాజ్యంలోని భూములను సర్వే చేయించగా 1086లో డూమ్స్‌డే బుక్ తయారైంది. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బి.బి.సి. కొత్త సర్వే ఒకటి వెలువరించింది. వేలాది పాఠశాలల పిల్లలు తమ ఊళ్ల గురించి రాసి పంపారు. అదంతా లేజర్ డిస్కుల మీద భద్రపరిచారు. వాటిని చదవాలంటే ప్రత్యేకమైన కంప్యూటరు, ప్లేయరు కావాలి. 16 ఏళ్లు తిరిగేసరికి ఆ పరికరాలు దొరకడం గగనమైంది. 1086 నాటి చర్మపత్రాల పుస్తకం మాత్రం ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది! చివరకు 2002లో బ్రిటన్‌లోని లీడ్స్, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, ఆ పాత యంత్రం చేసే పనులన్నీ అనుకరించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం రాసి, ఆ సమాచారాన్ని మళ్లీ తెరపైకి తెచ్చి చూపించారు.

మా పని అంత కష్టం కాదు. ఎందుకంటే మా పాత కంప్యూటర్, కొత్త కంప్యూటర్ రెండింటి ప్రాసెసర్లూ ఒకే కుటుంబానివి. కాబట్టి పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉన్నదున్నట్లుగా వర్చువల్ మెషీన్‌లోకి మార్చవచ్చు. దీన్ని మనం మిథ్యాయంత్రం అనుకుందాం. అద్దంలో కనిపించేది మిథ్యాప్రతిబింబమని మీరు చదువుకున్నారు. దాన్ని తెరమీద పట్టలేం. అయినా దాన్ని చూసే తల దువ్వుకుంటాం. మిథ్యాయంత్రమూ అలాంటిదే. అందులో తీగలు, చక్రాలు ఏవీ ఉండవు. కొత్త కంప్యూటర్‌లో నడిచే ఒక ప్రోగ్రామే "నేనే డిస్కును, నేనే తెరను, నేనే కీబోర్డును" అని పాత సిస్టమ్‌ను నమ్మిస్తుంది. మామూలు ఆదేశాలను ప్రాసెసర్ నేరుగా నెరవేరుస్తుంది. హార్డ్‌వేర్‌ను తాకే ఆదేశం వస్తే ఈ ప్రోగ్రాం మధ్యలో అందుకొని తాను జవాబిస్తుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1972లోనే ఐ.బి.ఎం. సంస్థ తన పెద్ద కంప్యూటర్ల కోసం వి.ఎం./370 అనే ఇలాంటి ఏర్పాటును ప్రకటించింది.

ఇక మేము చేసిన పని చూడండి. హార్డ్‌డిస్కు మీద సమాచారం సెక్టార్లనే చిన్న గదుల్లో ఉంటుంది. మా డిస్కులో ఒక్కో గదిలో 512 బైట్లు. 40 గిగాబైట్ల డిస్కులో ఎన్ని గదులుంటాయో భాగించి చూడండి. సుమారు 7 కోట్ల 81 లక్షలు! డిస్కును ఊడదీసి, కొత్త కంప్యూటర్‌కు తగిలించి, మొదటి గది నుంచి చివరి గది దాకా వరుసగా ఒకే పెద్ద ఫైలులోకి కాపీ చేశాం. సెకనుకు 20 మెగాబైట్ల చొప్పున 2000 సెకన్లు, అంటే సుమారు 33 నిమిషాలు చాలాలి. డిస్కులో కొన్ని గదులు పాడైనందువల్ల మాకు మధ్యాహ్నమంతా పట్టింది. ఇంకో రెండేళ్లు ఆగితే ఏం మిగిలేదో!

ఆ ఫైలునే డిస్కుగా చూపించి మిథ్యాయంత్రాన్ని నడిపితే మొదట నీలి తెర వచ్చి ఆగిపోయింది. మా పాత విండోస్ ఎక్స్‌పికి ఐ.డి.ఇ. పద్ధతి డిస్కే తెలుసు. మేము పొరపాటున సాటా పద్ధతి ఎంచుకున్నాం. దాన్ని ఐ.డి.ఇ.కి మార్చగానే పాత కంప్యూటర్ తెర యథాతథంగా ప్రత్యక్షమైంది.

అప్పుడొక ముఖ్యమైన సంగతి బయటపడింది. అంతకుముందే ఒక విద్యార్థిని ఆ ఫైలులోని అంకెలు కొన్నింటిని కష్టపడి విడదీసింది. ఒక బావి విషయంలో ఆమె రాబట్టిన లోతులన్నీ ప్రోగ్రాం చూపే లోతుల కంటే 75 సెంటీమీటర్లు ఎక్కువ. కారణం వెదికితే తేలిందేమిటంటే, పిల్లలు బావి చుట్టుగోడ పైనుంచి కొలిచేవారు. గోడ ఎత్తును ప్రోగ్రాం తీసివేసేది. ఆ సంగతి ఫైలులో ఎక్కడా లేదు. ఫైలు ఒక్కటే మిగిలి ఉంటే మేము తప్పుడు లెక్కలనే నిజమని నమ్మేవాళ్లం. ఫైళ్లు దాస్తే చాలదు, వాటిని నడిపిన సిస్టమ్‌ను కూడా దాయాలని నేను వాదించేది ఇందుకే.

ఇందులో ఇబ్బందులు లేవనను. ఎక్స్‌పికి రక్షణ సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. కనుక మిథ్యాయంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపరాదు. యంత్రం మారిందని సిస్టమ్ మళ్లీ యాక్టివేషన్ అడగవచ్చు. కంప్యూటర్‌తోపాటు వచ్చిన లైసెన్సు చాలాసార్లు ఆ కంప్యూటర్‌కే పరిమితం, దాన్ని ముందే చూసుకోవాలి. పాఠశాలలు, గ్రంథాలయాలు తమ పాత సమాచారాన్ని కాపాడుకోవడానికి ఇలాంటి నిబంధనల్లో వెసులుబాటు ఉండాలని నా కోరిక. మిథ్యాయంత్రం కూడా శాశ్వతం కాదు. అది నడుస్తుండగానే కొలతలను సాదా అక్షరాల్లోకి, తెలుగును యూనికోడ్‌లోకి మార్చాలి. ఒక ప్రతి కాగితం మీద కూడా అచ్చువేసి పెట్టుకోవాలి. మేమిప్పుడు ఆ పనిలోనే ఉన్నాం.

మిగిలిన 7 బావులను ఇప్పుడు మా 9వ తరగతి విద్యార్థులు మళ్లీ కొలుస్తున్నారు. పక్కనే పాత కొలతలు ఉండటంవల్ల నీరు పైకి వచ్చిందో, కిందికి పోయిందో వాళ్లే తేల్చుకోగలరు. మీ పాఠశాలలోనూ బీరువా వెనుక ఒక పాత కంప్యూటర్ దుమ్ము కొట్టుకొని ఉండవచ్చు. తుక్కు బండి వచ్చేలోగా అందులో ఏముందో మీ మాస్టారినో, టీచరునో అడగండి. చూపించేదాకా విడిచిపెట్టకండి.