యీస్ట్ సారంపై సుంకం: పేరు కాదు, ప్రక్రియే ప్రమాణం కావాలి

సూప్ పొడులు, నూడుల్స్ మసాలాలు, చిరుతిళ్ల తయారీలో రుచిని పెంచడానికి యీస్ట్ సారాన్ని విరివిగా వాడుతున్నారు. పొడి రూపంలో ఉన్నప్పుడు దీనికీ ఎండబెట్టిన యీస్ట్‌కూ తేడాను కంటితో గుర్తించడం కష్టం. అయితే కస్టమ్స్ వర్గీకరణలో ఈ రెండింటి స్థానాలు వేరు.

అంతర్జాతీయ హార్మొనైజ్డ్ విధానం ప్రకారం సజీవ, నిర్జీవ యీస్ట్‌లు 2102 శీర్షిక కిందికి వస్తాయి. యీస్ట్ కణాలను స్వీయ ఎంజైములతో గాని, ఇతర పద్ధతులతో గాని జలవిశ్లేషణ చేసి తీసిన సారం 2106 శీర్షికలోని ఇతర ఆహార తయారీలలో చేరుతుందని ఆ విధానపు వివరణలు పేర్కొంటున్నాయి. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో సోయా ప్రోటీన్ మినహా 2106 90 ఉపశీర్షికలోని ఆహార తయారీలపై సుంకాన్ని 30 శాతం నుండి 50 శాతానికి పెంచారు. ఆ పెంపు 2102 శీర్షికకు వర్తించలేదు. అందువల్ల సరుకు ఏ శీర్షికలో చేరుతుందన్నది కేవలం సాంకేతిక ప్రశ్న కాదు.

అసలు చిక్కు పాక్షికంగా జలవిశ్లేషణ చెందిన యీస్ట్‌తో వస్తుంది. ఇందులో కణకవచాలు మిగిలే ఉంటాయి. మాంసకృత్తులలో కొంత భాగం మాత్రం పెప్టైడ్లుగా, అమైనో ఆమ్లాలుగా మారి ఉంటుంది. సంచిపై రాసిన పేరును బట్టి దీనిని నిర్ణయిస్తే, ఒకే పదార్థానికి రెండు రేవులలో రెండు రకాల సుంకాలు పడే అవకాశముంది. మొత్తం నత్రజనిలో అమైనో నత్రజని వాటా, కరిగే ఘనపదార్థాల శాతం, కణకవచ అవశేషాలు ప్రయోగశాలలో కొలవదగినవే. వీటి ఆధారంగా స్పష్టమైన పరిమితులను నిర్దేశిస్తూ కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు ఉత్తర్వులు జారీ చేయాలి. ఆ పరిమితుల నిర్ధారణలో వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఆహార సాంకేతిక విభాగాలకు భాగస్వామ్యం కల్పించాలి.

ఈ విషయం చెరకు రైతుకు దూరమైనది కాదు. యీస్ట్ పెంపకానికి ప్రధాన ముడిసరుకు చక్కెర కర్మాగారాల మొలాసిస్. 2024 జనవరిలో కేంద్రం మొలాసిస్ ఎగుమతిపై 50 శాతం సుంకం విధించి దానిని దేశంలోనే నిలుపుకొనే విధానాన్ని చేపట్టింది. అలా నిలిచిన మొలాసిస్‌కు ఇథనాల్‌తో పాటు యీస్ట్ సారం వంటి అధిక విలువ గల ఉత్పత్తులూ మార్గం కావాలి. సుంకం ఎక్కువ ఉండాలా, తక్కువ ఉండాలా అన్న చర్చ వేరు. సరిహద్దు రేఖే అస్పష్టంగా ఉంటే అధిక సుంకం దేశీయ ఉత్పత్తిదారును కాపాడదు, తక్కువ సుంకం ఆహార పరిశ్రమకు భరోసా ఇవ్వదు. కాబట్టి ముందుగా తేలవలసినది ఆ రేఖే.