చైనీస్ సరే, ఏ చైనీస్?

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్ళూ, బీటెక్ అయ్యి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటుంది: చైనీస్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా? దాని వెనకే ఇంకొకటి: నేర్చుకుంటే మాండరినా, కాంటనీసా?

రెండోదానికి జవాబు సులువు, ముందు అదే చెప్పేద్దాం. ఏ దేశం వెళ్తారో, ఏ కంపెనీలో చేరతారో తెలియకుండా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కూర్చుని చైనీస్ మొదలుపెట్టేటట్టయితే మాండరిన్ తీసుకోండి. కాంటనీస్ తీసుకోవడానికి ఉద్యోగపరంగా ఒక్కటే గట్టి కారణం: హాంకాంగ్‌లోనో గ్వాంగ్‌జౌలోనో ఫలానా మనుషుల మధ్య బతకబోతున్నానని మీకు ముందే తెలిసి ఉండటం. చిక్కంతా మొదటి ప్రశ్నతోనే.

ఈ రెండూ ఒకే భాషకి రెండు యాసలని చాలామంది అనుకుంటారు. మన ‘ఏటి సేస్తన్నావు’, గుంటూరు వాళ్ళ ‘ఏం చేస్తున్నావు’ లాంటి తేడా అని. కాదు. మన మాట విని గుంటూరాయన నవ్వుతాడేమో గానీ అర్థం చేసుకుంటాడు. కాంటనీస్ ఎప్పుడూ వినని బీజింగ్ మనిషికి హాంకాంగ్ బజారులో మాట అందదు. వాళ్ళని కలిపేది రాత. అదెలాగంటే, ఇచ్ఛాపురం సంతలో ధర పలక మీద 5 అని ఉంటే తెలుగువాళ్ళు ‘ఐదు’ అని చదువుతారు, ఒడియావాళ్ళు ‘పాంచ’ అని చదువుతారు. గుర్తు ఒకటే, నోరు వేరు. చైనా అక్షరాలు చాలావరకు ఆ 5 లాంటివే. అయితే చైనాలో, సింగపూర్‌లో సరళం చేసిన అక్షరాలు రాస్తారు. హాంకాంగ్‌లో, తైవాన్‌లో పాత రూపాలే రాస్తారు. (మన తేయాకులోని ‘తే’ ఈ రెండు భాషలదీ కాదు. అది ఫుజియన్ తీరంలో మాట్లాడే హొక్కియెన్ మాట, ఓడలెక్కి వచ్చింది.)

మాండరిన్‌ని మాతృభాషగా మాట్లాడేవాళ్ళే 90 కోట్లకి పైన. కాంటనీస్ వాళ్ళు సుమారు 8 కోట్లు, అంటే తెలుగువాళ్ళంత. 8 కోట్లు చిన్న సంఖ్యేం కాదు, ఆ సినిమాలూ పాటలూ వంటలూ ప్రపంచమంతా తెలుసు. కానీ గ్వాంగ్‌జౌలో ఇంట్లో కాంటనీస్ మాట్లాడే కుర్రాడు బడిలో చదివింది మాండరిన్‌లోనే. మీతో బేరం చేయాల్సి వస్తే మాండరిన్‌లో చేస్తాడు. ఇటునుంచి అటు ఆ సౌకర్యం లేదు. సింగపూర్ ప్రభుత్వం 1979 నుంచీ ‘మాండరిన్ మాట్లాడండి’ అని ప్రచారం చేస్తోంది. మలేసియాలో కౌలాలంపూర్ బజారుది కాంటనీస్, పినాంగ్ బజారుది హొక్కియెన్. మన ఉత్తరాంధ్ర నుంచి తాతముత్తాతల కాలంలో మలయా తోటలకి వెళ్ళిన కుటుంబాల పిల్లలు అక్కడే పుట్టి పెరిగారు. వాళ్ళలో కాంటనీస్ వచ్చినవాళ్ళకి అది వీధిలో వచ్చిందే తప్ప ఫీజు కట్టి నేర్చుకున్నది కాదు.

ఇక ఉద్యోగం సంగతి. చైనాతో మనకి సంబంధం ఎక్కడో లేదు, హైవే మీదే ఉంది. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు చూశారు కదా. మన దేశపు మందుల కంపెనీలు బయట నుంచి తెచ్చుకునే బల్క్ డ్రగ్స్, వాటి ముడిసరుకుల్లో దాదాపు మూడింట రెండు వంతులు చైనా నుంచే వస్తాయి. అక్కడి ఏదో ఊళ్ళోని కెమికల్ కంపెనీ సరుకు ఆపితే ఇక్కడ రియాక్టర్ ఖాళీగా నిలబడుతుంది. ఈ కొనుగోళ్ళ మెయిళ్ళు ఇంగ్లిషులో నడుస్తాయి, నిజమే. కానీ ఇంగ్లిషులో మెయిలు పెట్టేది చాలాసార్లు మధ్యలోని ట్రేడరే. అతని వెనకున్న ఫ్యాక్టరీవాళ్ళతో నేరుగా మాట్లాడి, ‘ఈ బ్యాచ్‌లో తేమ ఎందుకు ఎక్కువుంది’ అని అడగగలిగే మనిషి అరుదు. ఆ మనిషికి ముందు కెమిస్ట్రీ తెలియాలి, తరవాత మాండరిన్ తెలియాలి. వరస మారిస్తే పనికిరాదు. ఇంకో మాట కూడా తెలుసుకోండి: ప్లాంటు పైడిభీమవరంలో ఉన్నా పెద్ద కంపెనీల కొనుగోలు ఆఫీసు హైదరాబాద్‌లో ఉంటుంది. ఇంటి దగ్గర నుంచి బస్సెక్కి వెళ్ళే ఉద్యోగం అనుకోకండి.

రాష్ట్రానికి దక్షిణ కొసన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. తడ దగ్గర అపాచీలో అడిడాస్ బూట్లు కుడతారు. రెండూ తైవాన్ మూలాలున్న కంపెనీలే, అక్కడి సీనియర్ల భాష మాండరిన్. తిరుపతి దగ్గర పెట్టబోయే టీసీఎల్ అనుబంధ ప్లాంటు కోసం శిక్షణకి వెళ్ళిన తెలుగు ఇంజినీర్లు 2020 జనవరిలో వూహాన్‌లోనే ఉన్నారు. కరోనా మూలంగా చిక్కుకుపోతే వాళ్ళలో ఎక్కువమందిని ఎయిర్ ఇండియా విమానంలో వెనక్కి తెచ్చారు. అలాంటి ప్లాంట్లలో వారధిగా నిలబడగలిగినవాళ్ళకి విలువుంది.

కానీ ఆ విలువ ఢిల్లీ, బీజింగ్ మధ్య గాలిని బట్టి ఊగుతుంది. 2020లో గల్వాన్ ఘర్షణ జరిగింది, చైనా యాప్‌లు పోయాయి, పెట్టుబడులకి అనుమతి తప్పనిసరి చేశారు. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానంలో విదేశీ భాషల ఉదాహరణల్లో కొరియన్, జపనీస్, థాయ్ ఉన్నాయి గానీ ముసాయిదాలో కనిపించిన మాండరిన్ లేదు. 2025 జులైలో తమిళనాడు ఫాక్స్‌కాన్ నుంచి చైనా ఇంజినీర్లని వెనక్కి పిలిపించారని వార్తలొచ్చాయి. అక్టోబరులో గాలి మళ్ళీ మారి కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానం మొదలైంది. పలాసలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హౌరా, అక్కణ్ణించి చైనా. తమాషా ఏంటంటే ఆ విమానం దిగేది కాంటనీస్ పుట్టింట్లో. అయినా నా సలహా మారదు. ఇంత ఊగే కొమ్మ మీద డిగ్రీ మొత్తం కట్టకూడదు.

ఖర్చు మాట. డబ్బు కన్నా ముందు కాలం లెక్క వేయండి. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి భాషలు నేర్పే సంస్థ మాండరిన్‌కీ కాంటనీస్‌కీ ఒకే అంచనా చెబుతుంది: 2200 తరగతి గంటలు. అది ఇంగ్లిషు వాళ్ళకి వేసిన లెక్క. మనకి కాస్త అటూ ఇటూ అనుకున్నా, రోజుకి 2 గంటల చొప్పున మూడేళ్ళు. ‘మూడు నెలల్లో చైనీస్, వందశాతం ప్లేస్‌మెంట్’ అనే పోస్టర్ చూస్తే ఈ లెక్క గుర్తుచేసుకోండి. చైనా నిర్వహించే హెచ్‌ఎస్‌కే పరీక్షలో 2010 నుంచీ నడిచిన పద్ధతిలో మొదటి స్థాయికి 150 మాటలు, నాలుగో స్థాయికి 1200. మూడు నెలల్లో మొదటి స్థాయి వస్తుంది, దాన్ని చూసి ఎవరూ జీతం ఇవ్వరు. నాలుగు దాటితేనే మాటకి బరువు. ఆరు నెలల తరవాత మానేసేటట్టయితే ఆ ఫీజు పెట్టి ట్యాలీనో, క్వాలిటీ కంట్రోల్ కోర్సో చేసినా నయం. నర్సింగ్ చదువుతున్నవాళ్ళయితే చైనీస్ జోలికి రాకుండా జర్మన్ వైపు చూడండి. అక్కడ భాష చివర ఉద్యోగం కంటికి కనిపిస్తోంది.

ఇంకో హెచ్చరిక, ఇది మన ప్రాంతానికి తగిలిన దెబ్బే. 2024 మేలో విశాఖ పోలీసులు కాంబోడియా వ్యవహారం బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్ళిన కుర్రాళ్ళని చైనా ముఠాల కింద సైబర్ మోసాలు చేయడానికి బలవంతపెట్టారు. ‘చైనీస్ వస్తే జీతం డబుల్’ అని వాట్సాప్‌లో ఆఫర్ వస్తే, కంపెనీ పేరు కన్నా ముందు వీసా ఏ రకమో అడగండి. టూరిస్ట్ వీసా మీద పని అన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఏజెంటుకి విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూసుకోవచ్చు.

ఇంత విన్నాక కూడా నేర్చుకోవాలనిపిస్తే, ఫీజు కట్టకముందు రెండు వారాలు ఫోన్‌లో ఉచితంగా దొరికే పాఠాలతో స్వరాలు మాత్రం సాధన చేయండి. స్వరం అంటే భయపడక్కర్లేదు. కథ వింటూ కొట్టే ‘ఊఁ’, నమ్మలేక అడిగే ‘ఊఁ?’, విసుగొచ్చి అనే ‘ఊఁ!’ మూడూ ఒకటి కాదని మీకు తెలుసు. మాండరిన్‌లో ప్రతి మాటా అంతే, నాలుగు స్వరాలు. ‘మా’ అన్నది ఒక స్వరంలో అమ్మ, ఇంకో స్వరంలో గుర్రం. కాంటనీస్‌లో ఇవి ఆరు. మనకో చిన్న లాభం కూడా ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లో రాసే పిన్యిన్‌లో ‘బి’ కనిపిస్తే అది మన ‘ప’, ‘పి’ కనిపిస్తే ఊపిరి ఊది పలికే ‘ప’. ఒత్తులు సరిగా పలికే నోటికి ఈ తేడా తొందరగా పట్టుబడుతుంది. పద్నాలుగు రోజుల తరవాత కూడా సరదాగా ఉంటే అప్పుడు ఆలోచించండి. మన దేశంలో చైనీస్ అని బోర్డున్న చోట నేర్పేది దాదాపు మాండరినే. ఢిల్లీ జేఎన్‌యూలో, శాంతినికేతన్ చీనా భవన్‌లో డిగ్రీ స్థాయిలోనే ఉంది.

భాష ఎలా ఎంచుకోవాలో తెలియాలంటే మనకి చైనా దాకా వెళ్ళక్కర్లేదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. నేర్చుకోవడానికి పుస్తకమే లేని సవర భాషని, ఆ భాష మాట్లాడేవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్చుకున్నారు. తరవాత తనే వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన ముందు జాబితా పెట్టుకుని ఎక్కువమంది మాట్లాడే భాష ఏదని వెతకలేదు. చుట్టూ ఉన్న మనుషులని చూశారు.

మీ చుట్టూ ఎవరున్నారు? ఇచ్ఛాపురం, మందస, పాతపట్నం వైపు పిల్లల రెజ్యూమెల్లో భాషల గడి చూడండి: తెలుగు, ఇంగ్లిషు, హిందీ. ఇంట్లోనో పక్కింట్లోనో చిన్నప్పట్నుంచీ మాట్లాడుతున్న ఒడియా అందులో ఉండదు. బరంపురం, భువనేశ్వర్‌లలో బ్రాంచీలున్న బ్యాంకులూ మందుల కంపెనీలూ ఫీల్డ్ ఉద్యోగాలకి ఒడియా వచ్చినవాళ్ళని వెతుక్కుంటాయి. మాండరిన్ మూడేళ్ళు పడుతుంది. ఈ గడి నింపడానికి మూడు నిమిషాలు.